ఖాళీ లేని రిజిస్టరు

మార్చి 3, సోమవారం

ఉదయం పడవలో ముగ్గురు దిగారు. ఒక డాక్టరమ్మ, ఇద్దరు టెక్నీషియన్లు. వాళ్ల కాగితంలో పదమూడు పెట్టెలు అని ఉంది. రేవులో నిలబడి నేను లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. చెబితే దిద్దుకున్నారు.

డాక్టరమ్మకి నలభై ఉంటాయి. మాట మెత్తన, నడక వడి. ఈ దీవి జనం ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎంతమందితో మొదలయ్యారు, ఎవరి రక్తం ఎవరిలో ఎంత ఉంది అన్నది ఉమ్మి పరీక్ష చేసి తేలుస్తారట. ఉమ్మిలో అంత చరిత్ర ఉంటుందా అని మా అబ్బాయి నవ్వాడు. వాడు ఫెర్రీ మెకానిక్కు. ఇంజను తప్ప వాడికి దేని మీదా నమ్మకం లేదు.

మా అమ్మాయి కూతురు ఇక్కడి క్లినిక్కులో నర్సు. ట్యూబులకి లేబుళ్లు అంటించి, పేర్లు రాసుకునే పని దానికి అప్పగించారు. బాధ్యత గల పని. అది తప్పు చేయదు. దానికి అక్షరాలు దిద్దించింది నేను, అంకెలు దిద్దించింది నేను.

సాయంత్రం డాక్టరమ్మ మా ఇంటికే వచ్చింది. పాత రిజిస్ట్రారు మీరేనట కదండీ, మీ పుస్తకం లేకపోతే మా పని ఒంటికాలి మీద నడక అంది. ముప్ఫై నాలుగేళ్లు చేశాను, రిటైరై పదహారేళ్లు అని చెప్పాను. రేపు చూపిస్తానన్నాను.

మార్చి 4, మంగళవారం

క్లినిక్కు ముందు క్యూ. ఉదయం ఎనిమిదికి పదహారు మంది, పదికి యాభై మూడు. దీవిలో మొత్తం నాలుగు వందల పన్నెండు మందిమి.

మంగలి మాత్రం మొండికేశాడు. నా ఉమ్మి పట్టుకెళ్లి నా మీద ఏం రాస్తారో, మా తాత ఎవరింటి గోడ దూకాడో అదంతా పేపర్లో వేస్తారేమో అన్నాడు. వెనక నుంచి వాళ్లావిడ, మీ తాతకి గోడ దూకే ఓపిక ఎక్కడిది, మంచం దిగడమే గగనం, ఉమ్మవయ్యా, పొయ్యి మీద కూరుంది అంది. క్యూ అంతా నవ్వింది. ఉమ్మాడు.

నాది తీసుకోలేదు. పెళ్లయి అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కోడల్ని. ఈ దీవి రక్తం కాదు. యాభై ఏళ్లయినా కాదు.

మార్చి 6, గురువారం

రిజిస్టరు నాలుగు సంపుటాలు. ప్రతి పేజీ ఫోటో తీశారు. ఆరు వందల పన్నెండు పేజీలు.

అందులో నూట ఇరవై ఏళ్ల జననాలు, మరణాలు, పెళ్లిళ్లు ఉన్నాయి. ఇక్కడ ఇంటి నంబరే ఇంటిపేరు. మా అత్తవారిది పద్నాలుగో నంబరు. కొడుకు వేరే ఇల్లు కట్టుకున్నా పద్నాలుగో నంబరు వాడే.

ఇప్పుడున్నది నా చేతిరాత. అసలు పుస్తకం కాదు. ఇరవై ఆరేళ్ల కిందట తుపానుకి ఆఫీసు కప్పు ఎగిరిపోయి పాత పుస్తకం తడిసి ముద్దయింది. ఒక్కో కాగితం విడదీసి, ఆరబెట్టి, మొత్తం నేనే తిరగ రాశాను. పదిహేడు నెలలు పట్టింది. అవతలి ఒడ్డు ఆఫీసు నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. అది హాల్లో గోడకుంది.

డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ, ఎన్నో దీవులు తిరిగాను, ఇంత శుభ్రమైన పుస్తకం చూడలేదు, తండ్రి కాలమ్‌లో ఒక్క ఖాళీ కూడా లేదు అంది.



మార్చి 7, శుక్రవారం

నిద్ర సరిగా పట్టలేదు.

మార్చి 11, మంగళవారం

ఈ సర్వే ఎందుకని మనవరాలు మీటింగులో అందరికీ వివరించింది. బాగా చెప్పింది. రెండు చోట్ల తడబడింది, ఇంటికి వచ్చాక చెప్పాను.

ఇక్కడ కొందరికి ముప్ఫై దాటాక చూపు అంచుల నుంచి చీకటవుతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. చివరికి ఎదురుగా ఉన్నదీ పోతుంది. తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు కలిస్తేనే బిడ్డకి వస్తుంది. కొద్దిమందితో మొదలైన దీవి కాబట్టి ఆ పాలు చాలామందిలో దాగి ఉంటుంది. దగ్గరి వాళ్లు పెళ్లి చేసుకుంటే కలిసే ప్రమాదం ఎక్కువ.

అందుకే నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే ఇక్కడ ఒక రూలుంది. పెళ్లికి ముందు రిజిస్ట్రారు దగ్గర చీటీ తీసుకోవాలి. నాలుగు తరాల లోపల ఇద్దరికీ ఒకే పూర్వీకుడు తగిలితే చీటీ లేదు. వరస కుదరకపోయినా లేదు. నేను నూట అరవై మూడు చీటీలు ఇచ్చాను. తొమ్మిది ఇవ్వలేదు.

ఆ తొమ్మిదిలో ఒకటి మా అబ్బాయిది.

మార్చి 12, బుధవారం

ఈ రోజు మా వాడూ, వలలమ్మాయీ ఒకే క్యూలో నిలబడ్డారు. ఆమెకి నలభై మూడేళ్లు. రేవు పక్క షెడ్డులో వలలు బాగు చేస్తుంది. ఊరంతా వలలక్కా అంటారు. నా నోటికి మాత్రం ఇంకా వలలమ్మాయే.

వాడు ట్యూబు మూత తీసి ఇచ్చి, గీత దాకా నింపాలట చెల్లెమ్మా, పొద్దస్తమానం మా మీద ఉమ్మేదానివి, నీకిదో లెక్కా అన్నాడు. నీ మొహానికి అంత ఖర్చు దండగ అన్నయ్యా, దాచి పెట్టుకున్నాను అంది. ఆమె తమ్ముడు ఐసు ఫ్యాక్టరీ నుంచి బూట్లతోనే వచ్చి ట్యూబు నింపి వెళ్లాడు. ఆమె నన్ను చూసి, కూర్చో పెద్దమ్మా, ఎంతసేపని నిలబడతావు అని బల్ల జరిపింది.

ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరూ అన్నయ్యా, చెల్లెమ్మా అనే పిలుచుకుంటున్నారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు.

కూర్చున్నాను.

ఆగస్టు 18, సోమవారం

అయిదు నెలలు ఇందులో ఏమీ రాయలేదు. రాయడానికి లేక కాదు.

డాక్టరమ్మ రిజల్టులతో తిరిగొచ్చింది. మధ్యాహ్నం స్కూలు హాల్లో అందరికీ చెప్పింది. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట సుమారు నలభై మందితో ఈ దీవి మొదలైందట. ఆడవాళ్లు ఒక ఒడ్డు నుంచి, మగవాళ్లు ఇంకో ఒడ్డు నుంచి వచ్చారట. మధ్యలో ఏదో జబ్బు వచ్చి సగం పోయారట. మిగిలిన సగం నుంచే మనమంతా. మంగలి లేచి, అయితే నా అప్పులవాళ్లంతా నా చుట్టాలేనన్నమాట, చుట్టాల దగ్గర తిరిగి అడగడం మర్యాద కాదు అన్నాడు. హాలంతా గొల్లుమంది.

తర్వాత డాక్టరమ్మ నన్ను పక్క గదిలోకి పిలిచింది. తలుపు వేసింది. ఒక చోట మీ పుస్తకానికీ, మా పరీక్షకీ పొంతన లేదండీ అంది.

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే ముక్క ఒకటి ఉంటుందట. అన్నదమ్ముల పిల్లల్లో, వాళ్ల పిల్లల్లో, అది మారకుండా ఒకేలా ఉండాలట. పుస్తకం ప్రకారం వలలమ్మాయి తాతా, మా మామగారూ సొంత అన్నదమ్ములు. కాబట్టి మా అబ్బాయిలో ఉన్న ముక్కే ఆమె తమ్ముడిలోనూ ఉండాలి. లేదు. దగ్గర పోలిక కూడా లేదు. వేల ఏళ్ల కిందట విడిపోయిన వంశాలు అంది. వాళ్ల తాత అసలు ఈ దీవివాడు కాకపోవచ్చు అంది. ఆపైన నవ్వి, పుస్తకం చూస్తే ఈ రెండిళ్ల మధ్య పెళ్లి కుదరదు, పరీక్ష చూస్తే దీవిలో ఇంత దూరపు సంబంధం వెతికినా దొరకదు అంది. ఆమెకేం తెలుసు. మంచి మాటే అనుకుని అంది.

ఎవరైనా పెంపకానికి వచ్చి ఉంటారా, మీకేమైనా గుర్తుందా అని అడిగింది.

ట్యూబులు తారుమారై ఉంటాయి, లేబుళ్లలో పొరపాటు జరిగి ఉంటుంది అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆగస్టు 19, మంగళవారం

మార్చి 12న తీసిన ముప్ఫై ఎనిమిది శాంపిళ్లూ అనుమానం కింద పెట్టారు. లేబుళ్లు వేసింది మనవరాలు. శాంపిళ్ల పని నుంచి దాన్ని తప్పించారు. క్లినిక్కు పెద్ద డాక్టరు, తొందరపాటుగా చేసి ఉంటావమ్మా అన్నాడట. అంతే అన్నాడట. గట్టిగా తిట్టినా బాగుండేది అంది.

సాయంత్రం మా ఇంటికొచ్చి లేబుళ్ల షీటు బల్ల మీద పరిచి మూడుసార్లు లెక్కపెట్టింది. అమ్మమ్మా, నా లెక్క తప్పలేదే, ఒక్కొక్కరి పేరు పైకి చదివించి అంటించాను, నువ్వు నేర్పినట్టే అంది. నాలుగోసారి నువ్వు లెక్కపెట్టు అని షీటు నా ముందుకు తోసింది.

లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది. అన్నీ సరిగా ఉన్నాయి.

 కాఫీ కలపడానికి లేచాను.

ఆగస్టు 20, బుధవారం, ఉదయం 10

ఇంట్లో ఎవరూ లేరు. రాస్తాను.

పాత పుస్తకంలో నీళ్లు తినేసిన గళ్లు చాలా ఉన్నాయి. చాలావాటిని వేరే కాగితాలతో పోల్చి పూరించాను. అది న్యాయంగా చేసిన పనే. పదకొండింటికి మాత్రం ఏ ఆధారమూ దొరకలేదు. అన్నీ తండ్రి కాలమ్‌లోవే.

తెలియదు అని రాసి ఉండొచ్చు. రూలు కూడా అదే చెబుతుంది. ఆరు వందల పేజీలు గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. మధ్యలో పదకొండు చోట్ల తెలియదు, తెలియదు అని రాయడానికి నా చెయ్యి రాలేదు. పళ్లూడిన నోరులా ఉంటుందనిపించింది. ఏ ఇంట్లో పెరిగితే ఆ ఇంటి పెద్దే తండ్రి అయి ఉంటాడు అనుకుని రాసేశాను. గుర్తు పెట్టలేదు. మార్జిన్‌లో చుక్క కూడా పెట్టలేదు.

వలలమ్మాయి తాత పద్నాలుగో నంబరు ఇంట్లో పెరిగాడు. కాబట్టి మా ఆయన తాతగారే అతని తండ్రి అని రాశాను. ఒక్క గడి. దాంతో మా మామగారికి తమ్ముడు పుట్టాడు, మా ఆయనకి తమ్ముడి వరస వాడొకడు పుట్టాడు, మా అబ్బాయికి చెల్లెలు పుట్టింది.

పొరపాటు జరిగింది.

మధ్యాహ్నం 3

పైన పొరపాటు అని రాశాను. కొట్టేయను, ఉండనీ. కానీ అది నిజం కాదు. మిగతాది రేపు రాస్తాను.

ఆగస్టు 21, గురువారం

ఇరవై రెండేళ్ల కిందట మా అబ్బాయీ, వలలమ్మాయీ చీటీ కోసం ఆఫీసుకి వచ్చారు. ఇంట్లో అడగలేదు, ఆఫీసుకే వచ్చి బల్లకి అవతల నిలబడ్డారు. వాడికి ఇరవై నాలుగు, ఆమెకి ఇరవై ఒకటి. పుస్తకం తీశాను. మీరిద్దరూ వరసకి అన్నాచెల్లెళ్లు, చీటీ ఇవ్వడం కుదరదు అన్నాను.

వాడు, ఇంకోసారి చూడమ్మా అన్నాడు. చూస్తాను అన్నాను.

మర్నాడు ఆమె నాయనమ్మ వచ్చింది. తల్లీ తండ్రీ పోతే ఆ పిల్లని, తమ్ముణ్ణీ పెంచింది ఆవిడే. చదువు లేదు. కుర్చీ వేస్తే కింద కూర్చుంది. మా ఆయన మీ ఇంట పుట్టినవాడు కాదమ్మా, నాలుగేళ్ల వాణ్ణి ఉప్పు పడవ వాళ్లు రేవులో వదిలేసి పోతే మీ ఇంటి పెద్దాయన అన్నం పెట్టి పెంచాడు, ఆయన చేతి ముద్ద తిన్నాడే గానీ ఆయన కొడుకు కాదు, ఆ మాట మా ఆయనే నాతో చెప్పాడు అంది. నేను, నోటిమాట ఇక్కడ చెల్లదు, పుస్తకంలో ఏముంటే అదే అన్నాను. పుస్తకం రాసింది నువ్వే కదమ్మా అంది.

ఆవిడ వెళ్లాక బీరువాలోంచి పాత పుస్తకం తీశాను. అప్పటికింకా ఉంది. ఆ పేజీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. నీళ్లు తిన్న గడి అనుకున్నది, కాదు. మరక కింద సిరాతో గీసిన చిన్న అడ్డగీత ఉంది. తెలియదని అర్థం. వందేళ్ల కిందటి గుమాస్తా ఎవరో తనకి తెలియదు కాబట్టి తెలియదనే గీత గీశాడు. పేజీ పాడు కావడానికి ఆయన భయపడలేదు.

నేను పుస్తకం మూసేశాను.

మా అబ్బాయి అడిగితే, మళ్లీ చూశాను, అంతే అన్నాను. చూసిన మాట నిజమే.

ఆ నెలాఖరులో పాత పుస్తకం పనికిరానిదని రాసి, రూలు ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు కాల్పించాను. సంతకం పెట్టాను.

ఎందుకు చేశాను? దిద్దితే మిగతా పదీ బయటపడతాయి, ప్రశంసా పత్రం నవ్వులపాలవుతుంది అన్నది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. ఆ పిల్ల అంటే నాకు పడేది కాదు. మాటకి మాట చెప్పేది. ఆఫీసులో నా ఎదురుగా నిలబడి, ఒక అరక్షణం కూడా తల దించలేదు. కోడలైతే నా ఇంట్లో నా మాట సాగదనుకున్నాను. గీత కనిపించినప్పుడు గుండె ఝల్లుమంది, ఆ వెంటనే, కొంచెం, హాయిగా కూడా అనిపించింది.

ఈ చివరి వాక్యం రాయడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆగస్టు 22, శుక్రవారం

ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 23, శనివారం

చెప్పలేదు.

ఆగస్టు 25, సోమవారం

అవతలి ఒడ్డు నుంచి కొత్త టెక్నీషియన్ వచ్చాడు. మా అబ్బాయి దగ్గరా, వలలమ్మాయి తమ్ముడి దగ్గరా మళ్లీ శాంపిల్ తీసుకున్నాడు. ఈసారి మనవరాలిని గదిలోకి రానివ్వలేదు. అది వరండాలో బెంచీ మీద కూర్చుంది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చింది, అక్కర్లేకపోయినా. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ దాన్ని ఓదారుస్తున్నారు. పోనీలేమ్మా, అందరికీ జరుగుతాయి అంటున్నారు. జరగలేదండీ అని ప్రతివాళ్లకీ జవాబు చెబుతోంది. ప్రతివాళ్లూ జాలిగా తల ఊపుతున్నారు.

మూడు వారాల్లో రిజల్టు వస్తుందట. అప్పుడు దాని తప్పు లేదని దానంతటదే తేలుతుంది. నేను నోరు మెదపనక్కర్లేదు. పొద్దుట్నుంచీ ఇదే ఆలోచన. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజు. అన్ని రోజులు అది ఆ బెంచీ మీద కూర్చోవాలి.

ఆగస్టు 26, మంగళవారం

చెప్పాను.

డాక్టరమ్మకీ, మనవరాలికీ ఒకే గదిలో, ఒకేసారి. నిలబడే చెప్పాను. పదకొండు గళ్లూ ఏ సంపుటం, ఏ పేజీ, ఏ ఇల్లు అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లాను. వెతకాల్సిన పని పడలేదు. ఒక్కటీ మర్చిపోలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. కాగితం తీసుకుంది, కళ్లజోడు పెట్టుకుంది, ఇవి తీసేసి చెట్టు మళ్లీ గీసుకుంటాం, ఇంకెన్ని చోట్ల పుస్తకం నమ్మొచ్చో ఇప్పుడు తెలిసింది, ఉపకారమే చేశారు అంది. అంతకన్నా మొహాన ఉమ్మినా బాగుండేది. క్లినిక్కు పెద్ద డాక్టర్ని పిలిపించి, లేబుళ్లలో ఏ తప్పూ లేదని నా ముందే చెప్పింది.

 మనవరాలు ఏడిస్తే ఏమనాలో ముందే అనుకుని వెళ్లాను. ఏడవలేదు. మొన్న షీటు లెక్కపెట్టావు కదా అమ్మమ్మా, అప్పుడే తెలుసా అంది. తెలుసు అన్నాను. నాకు కాఫీ ఇచ్చావు అంది.

తలుపు దాకా వెళ్లి ఆగి, మామయ్యకి చెప్పావా అంది. లేదన్నాను. ముందు నాకెందుకు చెప్పావు మరి, నా ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది అంది.

ఆగస్టు 30, శనివారం

నాలుగు రోజులు పట్టింది. మనవరాలు అన్ని రోజులూ మా ఇంటికి రాలేదు.

ఇంజను షెడ్డుకే వెళ్లాను. వాడు ఫిల్టరు విప్పి డీజిల్లో కడుగుతున్నాడు. కూర్చోమ్మా అని తిరగేసిన డబ్బా మీద గుడ్డ పరిచాడు. గుడ్డ పరిచాక చెప్పాల్సి వచ్చింది.

 ఫిల్టరు కడుగుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రమైంది. నేను ఆపాక, ఆ గీత ఎంత పొడవుంది అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. చేత్తో చూపించమన్నాడు. వేలిగోరంత అని చూపించాను. తల ఊపాడు.

తర్వాత అన్నాడు, అమ్మా, నేను పుస్తకాన్ని నమ్మలేదు, నిన్ను నమ్మాను. పుస్తకం ఒక్కటే అడ్డమైతే ఎప్పుడో పడవెక్కి ఆమెతో అవతలి ఒడ్డుకి పోయేవాణ్ణి, అక్కడ ఈ చీటీలు ఎవడడుగుతాడు. మా అమ్మ రెండోసారి కూడా చూసింది కదా అని ఉండిపోయాను అన్నాడు.

ఆమెకి నేను చెప్పను, నువ్వే చెప్పు అన్నాడు. ఫిల్టరు బిగించాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో ఇక మాట వినబడదు. అందుకే స్టార్ట్ చేశాడు.

సెప్టెంబరు 1, సోమవారం, సాయంత్రం 5

వలల షెడ్డుకి వెళ్లాను. రా పెద్దమ్మా, ఎండన పడి వచ్చావు అంది. కూర్చోను, ముందు విను అన్నాను.

చెబుతున్నంతసేపూ వల అల్లుతూనే ఉంది. గీత దగ్గరకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మీ అబ్బాయికి చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాను. నవ్వింది. రేవు అవతల దాకా వినిపిస్తుంది ఆయన గురక, తప్పించుకున్నాను అనుకోవాలి అంది. ఆ తర్వాత నవ్వలేదు.

నేను పెళ్లి మాట ఎత్తబోయాను. ఎత్తనివ్వలేదు. అది నా విషయం, దాని సంగతి మీకెందుకు, మా నాయనమ్మ సంగతి చెప్పండి అంది. మనవరాలి పెళ్లి కోసం మొగుడికి లేని పుట్టుక కట్టిందని ఊరంతా అంది. నీళ్ల పంపు దగ్గర అబద్ధాల ముసల్దనే పిలిచేవారు. మీరక్కడే నిలబడి బిందె నింపుకునేవారు. ఆరేళ్లు మోసింది ఆ పేరు. చచ్చిపోయే వారం ముందు నన్ను పిలిచి, నేనేమైనా కలగన్నానేమోనే అంది. తనకి తెలిసిన నిజం మీద తనకే అనుమానం వచ్చిందండీ, రిజిస్ట్రారుగారూ అంది.

మీరు అంది. రిజిస్ట్రారుగారూ అంది. ఇరవై రెండేళ్లుగా నువ్వు, పెద్దమ్మా అనేది.

నేను క్షమించమనలేదు. అడిగే హక్కు లేదు, ఇచ్చే భారం ఆమె మీద పెట్టడం ఇంకో అన్యాయం.

ఆమే మళ్లీ అంది, ఇలాంటివి పదకొండు అన్నారు, మాది పోతే పది. వాళ్లకెవరు చెబుతారు, డాక్టరమ్మా? ఆమెకి కంప్యూటర్లో గీసుకుంటే అయిపోతుంది. నడవగలరు కదా, ఇంటింటికీ వెళ్లి మీ నోటితో చెప్పండి. మా నాయనమ్మ మీ ఆఫీసు దాకా నడిచే వచ్చింది, మోకాళ్ల నొప్పితో.

సరే అన్నాను.

సెప్టెంబరు 2, మంగళవారం

ప్రశంసా పత్రం గోడ మీంచి తీశాను. ఆ చోట సున్నం తెల్లగా ఉంది. దాని మీద ఏమీ పెట్టను.

సెప్టెంబరు 5, శుక్రవారం

మొదటి ఇల్లు, ముప్ఫై ఒకటో నంబరు. పడవల వడ్రంగి ఇల్లు. మీ ముత్తాత తండ్రి పేరు నేను ఊహించి రాసింది, అసలు ఎవరో తెలియదు అని చెప్పాను. వడ్రంగి కాసేపు ఆలోచించి, దాని వల్ల మాకేమైనా నష్టమా అన్నాడు. ఏమీ లేదన్నాను. అయితే ఎందుకమ్మా ఈ ఎండలో అన్నాడు. మజ్జిగ ఇచ్చారు. తాగలేకపోయాను.

రెండో ఇల్లు, తొమ్మిదో నంబరు. అక్కడ ఇంటి ఇల్లాలు చీటీ లేదన్న తొమ్మిది జంటల్లో ఒకావిడకి చెల్లెలు. ఆ పెళ్లి ఆపింది మాత్రం సరైన ఆధారంతోనే. నేను మాట పూర్తి చేయకముందే, మా అక్కది కూడా ఇంతేనా అంది. కాదు, అది నిజంగానే దగ్గరి చుట్టరికం అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఎలా నమ్మను అంది.

 పదకొండు తప్పులే చేశాను అనుకున్నాను. ఇచ్చిన నూట అరవై మూడు చీటీలూ, ఆపిన మిగతా ఎనిమిదీ కూడా ఇక చెల్లవు.

సెప్టెంబరు 9, మంగళవారం

మనవరాలు వచ్చింది. క్లినిక్కు నుంచి తిన్నగా వచ్చింది, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. మోకాళ్లకి ఆయింట్‌మెంట్ తెచ్చి కిటికీలో పెట్టింది. నీ కోసం కాదు, ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి కాబట్టి అంది.

వాళ్ల మామయ్య సంగతి అదే చెప్పింది. నిన్న రేవులో వాడు మామూలుగా, తాడు అందుకో చెల్లెమ్మా అన్నాడట. వలలక్క తాడు అందుకోలేదట. ఆ పిలుపు ఆపు అందట. ఆపుతాను, మరి ఏమని పిలవను అన్నాడట వాడు. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయిందట. ఇద్దరూ అలాగే నిలబడ్డారట, తాడు నీళ్లలో పడిపోయిందట. పడవలో పదిహేడు మంది దిగడానికి కాచుకుని ఉన్నారట, ఒక్కడూ కేక వెయ్యలేదట.



తర్వాత ఏమైంది అని అడిగాను. ఏమీ కాలేదు అమ్మమ్మా, మామయ్యే తాడు తీసుకుని కట్టుకున్నాడు, ఆమె షెడ్డులోకి వెళ్లిపోయింది అంది.

సెప్టెంబరు 14, ఆదివారం

రెండో శాంపిళ్ల రిజల్టు వచ్చింది. మొదటిదే. ఎవరూ ఆశ్చర్యపోలేదు. డాక్టరమ్మ కొత్త చెట్టు గీసింది. పదకొండు చోట్ల చుక్కల గీత పెట్టింది. వాళ్ల పద్ధతిలో తెలియదని గుర్తట. ఎంత తేలిగ్గా గీశారో. ఆరు సెకన్లు కూడా పట్టలేదు.

మా అబ్బాయి భోజనం ఇంట్లోనే చేస్తున్నాడు. ఉప్పు చాలిందా అని అడిగితే చాలిందంటాడు. కోపంగా ఉంటే బాగుండును. కంచం కడిగి పెడతాడు, నాదీ కడుగుతాడు.

మూడో ఇల్లు, నాలుగో ఇల్లు, అయిదో ఇల్లు అయ్యాయి. అయిదో ఇంటివాళ్లు నన్ను కూర్చోబెట్టి, రాసిన కాగితం ఇవ్వమన్నారు. రాసిచ్చాను. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. 

సెప్టెంబరు 17, బుధవారం, ఉదయం 9

ఆరో ఇల్లు. తలుపు తట్టాను. తీయలేదు. లోపల రేడియో మోగుతోంది. గుమ్మం ముందు నిలబడే మొదలుపెట్టాను, పేజీ నంబరుతో సహా. రెండో వాక్యానికి రేడియో ఆగింది. తలుపు మాత్రం తీయలేదు. చివరిదాకా చెప్పాను.